రెండు ఉప్పులు

నాకు పరిశోధన నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు నా గైడు. రెండో ఆవిడ, నా గైడు చెప్పేది తప్పని ఏళ్ల తరబడి సభల్లోనూ పత్రికల్లోనూ వాదించిన మనిషి. వాళ్లిద్దరూ ఒకే ఊళ్లో, ఒకే బోరు పక్కన నిలబడి కలిసి పనిచేయడం నేను దగ్గరుండి చూశాను. ఈ రోజు కాలేజీలో నేను పాఠం చెప్పే తీరూ, ఎదురు ప్రశ్న వేసిన విద్యార్థి మాట వినే తీరూ ఆ ఏడాది నుంచి వచ్చినవే.

మాది నర్సాపురం వైపు. నాన్న బడిలో లెక్కల మాస్టారు. అమ్మ ఇంటి దగ్గర కుట్టుపని చేసేది, ఆదివారం చర్చిలో పాటలు పాడేది. మా వీధిలో చేతిపంపు నీళ్లు బట్టలుతకడానికి కూడా పనికొచ్చేవి కావు, సబ్బు నురగ వచ్చేది కాదు. తాగడానికి మంచినీళ్ల చెరువే దిక్కు. కాలువ పారినన్నాళ్లు చెరువు నిండుగా ఉండేది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీళ్లు ఆపి కట్టేశాక చెరువు అడుగంటి పచ్చబడేది. కాళ్ల కింద తవ్వితే నీళ్లుండి కూడా తాగడానికి లేకపోవడం ఏంటని నాన్నని అడిగితే, "సముద్రం దగ్గర కదమ్మా, అంతే" అనేవారు. ఆ "అంతే"తో నాకు సరిపోలేదు. భూగర్భశాస్త్రం చదివాను. రాజమండ్రిలో పరిశోధనకు చేరాను.

మా గైడు సారుది గంభీరమైన గొంతు. బోర్డు మీద సుద్దముక్కతో గోదావరి పాయలు రెండూ ఒక్క గీతలో వేసేవారు. డెల్టాలో నేల కింద నీళ్లు ఎందుకు ఉప్పగా ఉన్నాయన్నదే ఆయన జీవితమంతా పట్టుకున్న ప్రశ్న. ఆయన చెప్పే సమాధానం ఇది. మనం బోర్లు వేసి మంచినీళ్లు తోడేస్తున్నాం. ఖాళీ అయిన చోటికి సముద్రం నేల కింది నుంచి లోపలికి జరుగుతోంది. తోడటం తగ్గించకపోతే ఏటేటా ఇంకా లోపలికి వస్తుంది. ఈ మాట ఆయన రైతులకు, ఇంజనీర్లకు, కలెక్టరాఫీసు మీటింగుల్లో, ఎక్కడ అవకాశం దొరికితే అక్కడ చెప్పేవారు.

ఆ రెండో ఆవిడ, మేడమ్, ఇంకో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నేత చీర కట్టి, కాళ్లకు కాన్వాసు బూట్లు వేసుకుని పొలాల గట్ల మీద మగవాళ్ల కంటే వేగంగా నడిచేవారు. ఆవిడ వాదం దీనికి పూర్తిగా ఎదురు. ఈ నేలంతా ఒకప్పుడు సముద్రమే. గోదావరి వేల ఏళ్లపాటు ఒండ్రు తెచ్చిపోస్తే సముద్రం వెనక్కి తగ్గింది, కానీ ఆ నీళ్లు కొన్ని బంకమట్టి పొరల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు బోర్లలో వచ్చేది ఆ పాత సముద్రం. కొత్తగా ఏదీ రావడం లేదు. సముద్రానికి చాలా దూరంగా ఉన్న ఊళ్లలో కూడా బోర్లు ఉప్పగా ఉండటమే దీనికి సాక్ష్యం అనేవారు.

ఇద్దరి వ్యాసాలూ ఒకదానికొకటి జవాబుగా వచ్చేవి. మా డిపార్ట్‌మెంటులో ఆవిడ పేరు ఎత్తితే సారు కళ్లజోడు తీసి తుడుచుకునేవారు.

నేను చేరిన రెండో ఏడాది మొదటిసారి ఒక సదస్సులో నా పని గురించి చెప్పాను. సారు వాదానికి బలం చేకూర్చే పని అది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోర్లలో ఉప్పు ఎలా పెరుగుతుందో పటం గీసి చూపించాను. చెప్పడం అయ్యాక ముందు వరసలోంచి మేడమ్ లేచారు.

"పటం శుభ్రంగా ఉందమ్మా. ఈ ఉప్పు నీళ్ల వయసెంతో చూశావా?"

"లేదండీ."

"మరి ఇవి నిన్న వచ్చిన సముద్రపు నీళ్లో, ఎప్పటివో ఎలా చెప్పగలవు?"

హాల్లో ఎవరో నవ్వారు. వచ్చేటప్పుడు బస్సులో సారు నా పక్కన కూర్చున్నారు. రావులపాలెంలో బస్సు ఆగితే కిటికీలోంచి అరటిపళ్లు కొని నాకో రెండిచ్చి, "ఆవిడంతేనమ్మా. మనసులో పెట్టుకోకు" అన్నారు. కానీ నేను పెట్టుకున్నాను. ఆవిడ అంటే నాకు భయం, కోపం రెండూ ఉండేవి.

ఆ తర్వాత కొన్నాళ్లకు, అమలాపురం దాటి సముద్రం వైపు ఉన్న ఒక ఊరి పంచాయతీ ప్రెసిడెంటు గారు మా సారుకి ఫోన్ చేశారు. ఆవిడ కొబ్బరి తోటలున్న కుటుంబం మనిషి. వాళ్ల ఊరికి వేసవి నీళ్ల కోసం ఒక బోరు మంజూరైంది. అంతకుముందు వేసిన రెండు బోర్లూ ఉప్పెక్కి మూలనపడ్డాయి. ఈసారి ఎక్కడ వేయాలో, ఎంత లోతు వేయాలో తెలిసినవాళ్లని అడిగి వేద్దామని ఆవిడ పట్టుదల. మా సారుని అడిగారు. మేడమ్‌నీ అడిగారు.

మా సారు, సముద్రం వైపు వద్దు, ఊరికి ఎగువన లోతుగా వేసి కొంచెం కొంచెంగా తోడుకోండి అన్నారు. మేడమ్, ఎగువైనా దిగువైనా లోతుకి మాత్రం వెళ్లొద్దు, లోతులో ఉన్నది పాత సముద్రమే అన్నారు.

ప్రెసిడెంటు గారు మళ్లీ ఫోన్ చేశారు. నేనే ఎత్తి సారుకిచ్చాను. స్పీకర్లో ఆవిడ మాట నాకింకా గుర్తుంది.

"సారూ, ఒకరు లోతంటారు, ఒకరు లోతొద్దంటారు. మాకొచ్చింది ఒక్క బోరేనండి. మీరిద్దరూ పెద్దోళ్లు. ఒకసారి మా ఊరొచ్చి, మా ముందే మాట్లాడుకుని, తేల్చి చెప్పండి బాబూ. వేసవిలో మా ఆడాళ్లు నీళ్ల ట్యాంకరు కోసం రోడ్డు మీద కూర్చుంటున్నారు."

సారు, "ఆవిడొస్తే నేనూ వస్తానండి" అన్నారు. మేడమ్ కూడా సరిగ్గా అదే మాట అన్నారని తర్వాత తెలిసింది.

ఆ ఊరి హైస్కూలు హాల్లో సమావేశం. ఊళ్లోవాళ్లు బెంచీల మీద కూర్చున్నారు. రొయ్యల చెరువుల వాళ్లు, వరి రైతులు, కూలికి వెళ్లే ఆడవాళ్లు అందరూ వచ్చారు. ఇద్దరికీ రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల మీద కొబ్బరి బొండాలు. ఇద్దరూ నమస్కారాలు చేసుకున్నారు, కానీ ఎవరి బొండాన్ని వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. ప్రెసిడెంటు గారు, "ముందు సారు చెప్పండి, తర్వాత అమ్మగారు" అన్నారు.

అప్పుడు మేడమ్ లేచి సారుతో ఒక మాట అన్నారు.

"డాక్టరు గారూ, మనం ఇలా ఒకరి తర్వాత ఒకరు చెప్పడం చాలా చోట్ల అయింది. వీళ్లకేం ఉపయోగపడుతుందండి? ఇవాళ నా వాదన మీరు చెప్పండి. మీ వాదన నేను చెబుతాను. ఎక్కడ సరిగ్గా చెప్పలేదో అక్కడ ఆపండి."

హాలంతా నవ్వులు. సారు ముఖం ఎర్రబడింది. నేనైతే ఆయన లేచి వెళ్లిపోతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకున్నారు. లేచి బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్క తీసుకున్నారు.

మొదట మాటలు వెతుక్కున్నారు. "మేడమ్ గారు ఏమంటారంటే..." అని మొదలుపెట్టి రెండుసార్లు తడబడ్డారు. మూడోసారి, "ఈ హైస్కూలున్న చోట ఒకప్పుడు చేపలు తిరిగేవండి" అన్నారు. అక్కడి నుంచి ఆయన గొంతు దారిలో పడింది. నది ఒండ్రు తేవడం, సముద్రం వెనక్కి జరగడం, బంకమట్టి పొరలు మూతలా పడి కింద ఉప్పునీళ్లని పట్టి ఉంచడం, అన్నీ పొర మీద పొర గీసి చెప్పారు. మేడమ్ వ్యాసాలు నేనూ చదివాను. ఇంత తేలిగ్గా నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. చివర ఆయన బొమ్మ వైపు చూస్తూ ఆగిపోయారు. 

"ఏంటండీ?" అన్నారు మేడమ్.

"ఏం లేదండి. ఇలా చూస్తే, ఎగువ ఊళ్లలో ఉప్పు ఎందుకుందో నా లెక్కలో జవాబు లేదు. ఇన్నాళ్లూ ఆ బోర్లని లెక్కలోంచి పక్కన పెడుతూ వచ్చాను."

హాల్లో కూర్చున్నవాళ్లకు ఆ మాట బరువు తెలిసి ఉండదు. నాకు తెలిసింది. నా వ్యాసంలో కూడా ఆ బోర్లు పక్కనే పెట్టి ఉన్నాయి.

మేడమ్ లేచి, "నాకంటే బాగా చెప్పారండి" అని, సారు వాదన మొదలుపెట్టారు. ఆవిడ కూడా అంతే నిజాయితీగా చెప్పారు. ఆపైన సారు ఎప్పుడూ వాడని ఒక మాట కలిపారు. "డాక్టరు గారి వాదన నిజమైతే బోరు నీళ్లకి సముద్రపు పోటు, పాటు తెలియాలి. పోటు వచ్చినప్పుడు ఉప్పు పెరగాలి, పాటు వేళ తగ్గాలి. ఆయన ఇంతవరకు అది కొలవలేదు. కొలిస్తే ఆయన బలం పెరుగుతుంది. నేను ఈ మాట ఇన్నేళ్లూ ఆయనకి చెప్పలేదు."

సారు నవ్వారు. ఆవిడ ముందు ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం ప్రెసిడెంటు గారింట్లో భోజనాల దగ్గరే ఒప్పందం కుదిరిపోయింది. బోరు వేయడానికి ముందు, ఊళ్లో మూడు చోట్ల సన్నగా పరీక్ష గొట్టాలు దింపుతారు. సారు వాదానికి కావలసిన సాక్ష్యం మేడమ్ వెతుకుతారు. మేడమ్ వాదానికి కావలసింది సారు వెతుకుతారు. నేను ఇద్దరి దగ్గరా పనిచేస్తాను. "ఈ అమ్మాయి మీ మనిషి కదండీ" అని మేడమ్ అంటే, "ఇవాల్టి నుంచి సగం మీ మనిషి" అన్నారు సారు. నా సిద్ధాంత వ్యాసమంతా సారు వాదం మీద నిలబడి ఉంది. అది తప్పని తేలితే నా పని ఏంటన్న బెంగ నాది.

గొట్టాలు దింపే రోజు సారూ మేడమూ ఉదయాన్నే వచ్చి యంత్రం పక్కన నిలబడ్డారు. మొదట పసుపు రంగు ఇసక వచ్చింది. దానిలోంచి వచ్చిన నీళ్లు రుచి చూస్తే తియ్యగా ఉన్నాయి. ఇంకాస్త లోతుకి వెళ్లాక నల్లటి బంకమట్టి రావడం మొదలైంది. దానిలో తెల్లగా మెరుస్తూ చిన్న చిన్న గుల్లలు. సముద్రపు గుల్లలు. సారు వంగి ఒకటి ఏరి, చొక్కా అంచుతో మట్టి తుడిచి, మేడమ్ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "దీనితో నా పని అయిపోలేదండి. ఇది నాకే అడ్డం" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మేడమ్ నా వైపు తిరిగి వివరించారు. నీళ్ల వయసు కనిపెట్టే పరీక్ష నీళ్లలో కరిగిన కర్బనం మీద ఆధారపడుతుంది. ఈ పాత గుల్లల సున్నం నీళ్లలో కరిగితే, కొత్త నీళ్లు కూడా పాతవిగా కనిపిస్తాయి. అంటే పరీక్షలో వయసు ఎక్కువ వచ్చిందని ఆవిడ గెలిచినట్టు కాదు. గుల్లల వల్ల వచ్చే తేడా తీసేశాక కూడా పాతవని తేలాలి.

"ఆ తేడా ఎంత తీయాలో డాక్టరు గారే చెప్పాలి. నేను చెబితే నాకు అనుకూలంగా తక్కువ తీస్తాను" అన్నారు.

"నేను చెబితే నాకు అనుకూలంగా ఎక్కువ తీస్తానేమో" అన్నారు సారు.

"పర్లేదండి. అది తట్టుకుంటేనే నా మాట నిలిచినట్టు."

ఆ పరీక్షకు నీళ్లు డ్రమ్ముల్లో పట్టి, మందు కలిపి, నీళ్లలోని కర్బనం తెల్లటి పొడిగా అడుగుకి దిగేదాకా ఆగి, ఆ పొడిని సీసాలో పట్టి దూరంగా ఉన్న ప్రయోగశాలకు పంపాలి. డ్రమ్ముల మీద దుమ్ము పడకుండా సారు తన తువ్వాలు కప్పారు. తనకి వ్యతిరేకంగా రాబోయే సాక్ష్యాన్ని ఆయన అంత జాగ్రత్తగా కాపాడటం చూసి నాకు ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

ఫలితం రావడానికి నెలలు పట్టింది. ఈలోగా మేడమ్ వాటా పని మొదలైంది. ఆ ఊరి పక్కనుంచి సముద్రంలోకి పోయే మురుగు కాలువ ఒకటుంది. ఊళ్లో అందరూ దాన్ని డ్రైన్ అంటారు. పొలాల నీళ్లు, రొయ్యల చెరువుల నీళ్లు దాన్లోంచే సముద్రానికి పోతాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం వెనక్కి తన్నకుండా చివర్లో తలుపులు ఉండేవి. అవి తుప్పుపట్టి సగం ఊడిపోయాయి. ఆ డ్రైనుకి దగ్గర్లో దింపిన గొట్టంలో నీళ్ల ఉప్పు గంట గంటకీ కొలవడం మా పని.

ఒకరోజు నేనూ మేడమ్ డ్రైను మీద కల్వర్టు గోడెక్కి కూర్చున్నాం. ఒకే గొడుగు కింద ఇద్దరం. ఆవిడ సంచీలోంచి పూతరేకులు తీసి, "ఆత్రేయపురం మీదుగా వచ్చాను. తిను" అన్నారు. రేకు నోట్లో కరుగుతుంటే నాకు ధైర్యం వచ్చింది.

"మేడమ్, ఆ రోజు సదస్సులో మీరు నన్ను అలా ఎందుకు అడిగారండీ?"

"ఎలా అడిగానమ్మా?"

"అందరి ముందూ. నాకు ఏడుపొచ్చింది."

"నీ పని మొత్తం చదివాను కాబట్టి అడిగాను. చదవనివాళ్లు చాలా బాగుందమ్మా అని చప్పట్లు కొడతారు. నీకు అవి కావాలంటే చెప్పు, ఈసారి నేనూ కొడతాను."

నాకు నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి. ఆ తర్వాత ఆవిడే మళ్లీ అన్నారు. "మీ సారుని నేను ఇన్నేళ్లు ఎందుకు చదివాననుకున్నావు? నా మాటలో చిల్లు ఎక్కడుందో ఆయన వెతికినంత శ్రద్ధగా నా శిష్యులు కూడా వెతకరు."

పోటు వచ్చింది. డ్రైనులో నీళ్లు ఆగి, మెల్లగా వెనక్కి, ఊరి వైపు పారడం మొదలైంది. గుర్రపుడెక్క మొక్కలు సముద్రం వైపు నుంచి ఊళ్లోకి ప్రయాణం కట్టాయి. నేను కొలుస్తూ పోయాను. మీటర్లో అంకె పెరుగుతోంది. ఇంకా పెరిగింది. సాయంత్రం పాటు మొదలయ్యాక ఆలస్యంగా తగ్గింది. మేడమ్ అంకెలు చూసి, వెంటనే సారుకి ఫోన్ చేశారు.

"డాక్టరు గారూ, అభినందనలండి. సముద్రం వస్తోంది. డ్రైనులోంచి వస్తోంది."

అవతల సారు గొంతు నాకూ వినిపించింది. "ఒక్కసారికి నేను నమ్మనండి. అమావాస్యకి మళ్లీ కొలవండి. పైగా అది కింది నుంచి రావడం లేదు కదా, నేను చెప్పిన దారి అది కాదు."

"మీకు అనుకూలంగా వచ్చినా ఒప్పుకోరేంటండీ!" అని ఆవిడ పడీపడీ నవ్వారు.

అమావాస్యకి మళ్లీ కొలిచాం. అదే తేలింది.

తర్వాత వయసు పరీక్ష ఫలితం వచ్చింది. లోతు నీళ్లు పాతవి. సారు గుల్లల తేడా తీయగలిగినంత తీసి చూశారు. అయినా పాతవే. ఆయన కాగితం నాకిచ్చి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆయన తన ఉద్యోగ జీవితమంతా చెప్పిన మాట అది. కొంతసేపటికి వెనక్కి తిరిగి, "మేడమ్‌కి ఫోన్ చెయ్యమ్మా. ఈ మాట ఆవిడకి ఇంకెవరో చెప్పేకంటే మనం చెబితే బాగుంటుంది" అన్నారు.

మేడమ్ మర్నాడే రాజమండ్రి వచ్చారు. గెలిచిన మనిషిలా రాలేదు. వస్తూనే, "డ్రైను దగ్గర ఉప్పు సంగతి నేను ఎలా చెప్పాలో తెలియడం లేదండి. నా లెక్కలో దానికి చోటే లేదు" అన్నారు. ఇద్దరూ బోర్డు ముందు నిలబడ్డారు. ఒకరు గీసేవారు, ఒకరు చెరిపేవారు. లోతు నీళ్లు పాతవంటే పైన పోటు అడ్డం వస్తోంది, పోటు నిజమంటే కింద వయసు అడ్డం వస్తోంది. ఇద్దరి మధ్యా స్టూలు మీద కూర్చుని చూస్తున్న నేను అడిగాను.

"అవి రెండూ వేరే వేరే ఉప్పులు అయ్యుండొచ్చు కదండీ?"

ఇద్దరూ వెనక్కి తిరిగారు. "అంటే, కింద ఉన్నది మేడమ్ గారి ఉప్పు. పక్కనుంచి వచ్చేది సారు ఉప్పు. మనం ఒక్కటే కారణం కోసం చూస్తున్నామేమో అని..."

ఇదేదో నా గొప్పతనం అని చెప్పడం లేదు. ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నా ఆ ప్రశ్న వచ్చేది. ఇద్దరి వాదనా వాళ్ల నోటి నుంచే పూర్తిగా విన్నదాన్ని నేనొక్కదాన్నే, అంతే తేడా. కానీ వాళ్లిద్దరూ ఆ మాటని నా చేతిలోంచి తీసుకున్న తీరు నేను మరచిపోలేను. సారు సుద్దముక్క నాకిచ్చి, "గీసి చూపించమ్మా" అన్నారు. మేడమ్ తన కుర్చీ నా వైపు జరుపుకున్నారు.

సాయంత్రానికి బొమ్మ తయారైంది. అడుగున బంకమట్టిలో పాత సముద్రం. దాని మీద ఇసకలో, కాలువ నీళ్లూ వాన నీళ్లూ ఇంకి నిలిచిన పలచటి మంచినీటి పొర. డ్రైను పక్కన, తలుపులు ఊడిన దారిలో లోపలికొస్తున్న ఇప్పటి సముద్రం. ఎవరైనా లోతుగా బోరు వేసి గట్టిగా తోడితే పాత సముద్రం పైకి లేస్తుంది. అక్కడ తోడటం తగ్గించమన్న సారు సలహా కూడా నిజమే. కారణం మాత్రం వేరు.

నేను నెమ్మదిగా, "సార్, నా చాప్టర్లు?" అన్నాను.

"చాప్టరు ఎక్కడికీ పోలేదమ్మా. చోటు మారింది. నీ పటం డ్రైనుల వెంట ఉప్పు చూపిస్తోంది, మనం దాన్ని నేల కింది నుంచి వచ్చిందనుకుని చదివాం" అన్నారు. ఆ తర్వాత ఏడాదంతా ఆ చాప్టర్లు తిరగరాశాను. వారానికోసారి మేడమ్ ఫోన్లో చదివించుకుని విని, ఎక్కడ ఒప్పుకోలేదో చెప్పేవారు. ఆవిడకి నేను శిష్యురాలిని కాను. అలా చేయవలసిన అవసరం ఆవిడకి లేదు.

ఊరికి వచ్చిన ఒక్క బోరునీ లోతుగా వేయొద్దని ఇద్దరూ కలిసి చెప్పారు. దాని బదులు కాలువ గట్టు వెంట, పై ఇసకలోనే, తక్కువ లోతులో చిల్లుల గొట్టాలు దింపి చిన్న చిన్న ఫిల్టరు పాయింట్లు వేసి, ఒక్కోదాంట్లోంచి కొంచెం కొంచెం తోడి ట్యాంకులో కలపమన్నారు. మంజూరైన పని మార్చడానికి ప్రెసిడెంటు గారు ఆఫీసుల చుట్టూ తిరిగారు. రెండుసార్లు సారు, ఒకసారి మేడమ్ ఆవిడ వెంట వెళ్లారు. ఇంజనీరు గారొకరు, "మీ ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీదా!" అని ఆశ్చర్యపోయారట. డ్రైను తలుపులు బాగుచేయించడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. రొయ్యల చెరువుల వాళ్లూ వరి రైతులూ ముందు గొడవపడి, తర్వాత కలిసి అర్జీ పెట్టారు.

వేసవిలో కాలువలు కట్టేశాక ప్రెసిడెంటు గారు మమ్మల్ని పిలిచారు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టుకుంటున్నారు. ఒక పెద్దావిడ స్టీలు గ్లాసు కడిగి, నీళ్లు పట్టి సారుకి ఇచ్చింది. సారు అందుకుని మేడమ్‌కి ఇచ్చారు. ఆవిడ తాగి, "బాగున్నాయి" అన్నారు.

"ఆయ్, బాగున్నాయండి. పప్పు కూడా ఉడుకుతుందండి" అంది పెద్దావిడ. ఉప్పు నీళ్లలో పప్పు ఉడకదు. ఆ బాధ నాకు మా అమ్మ వంటింట్లో తెలుసు. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఆ మాట చెబితే, "దేవుడు ఆ ఇద్దర్నీ చల్లగా చూడాలి" అంది.

మేం ముగ్గురం కలిసి రాసిన వ్యాసంలో ఒక్క చోట మాత్రం వాళ్లిద్దరూ చివరిదాకా ఒప్పుకోలేదు. ఊరికి నడిమధ్య ఒక తోటలో లోతు నీళ్లు కూడా తియ్యగా ఉన్నాయి. పాత నదీపాయ ఒకటి అక్కడ పూడిపోయి ఉంటుందని సారు, బంకమట్టి పొర అక్కడ తెగి వాననీళ్లు కిందికి దిగి ఉంటాయని మేడమ్. వారాల తరబడి వాదించుకుని, ఈ విషయంలో రచయితలకు ఏకాభిప్రాయం లేదని వ్యాసంలోనే రాశారు. అలా రాయొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు డాక్టరేటు వచ్చింది. తర్వాత ఉద్యోగానికి ఇద్దరూ సిఫారసు చేశారు.

నిరుడు సారు రిటైరయ్యారు. సభకి మేడమ్ వచ్చారు. శాలువాలు, దండలు అయ్యాక ఆవిడని మాట్లాడమన్నారు. ఆవిడ మైకు ముందు నిలబడి, "ఈయన తప్పని నిరూపించాలని చాలా ఏళ్లు కష్టపడ్డానండి. ఆ కష్టంలోనే నాకు ఈ డెల్టా అంటే ఏంటో తెలిసింది. ఈయన తేలిగ్గా ఒప్పుకునే మనిషి అయ్యుంటే నేను సగంలోనే ఆగిపోయేదాన్ని. అందుకు కృతజ్ఞతలు" అని కూర్చున్నారు. సారు కళ్లజోడు తీశారు, కానీ తుడుచుకున్నది కళ్లని.

నేను కూడా మాట్లాడాలనుకున్నాను. నమస్కారం మాత్రం పెట్టి దిగిపోయాను. అక్కడ అనలేకపోయిందే ఇక్కడ రాశాను. నాకు ఒక గురువు దొరకడమే అదృష్టం అనుకుంటే, ఆయనతో సరితూగే ప్రత్యర్థి కూడా గురువుగా దొరికారు. ఇద్దరూ తమ మాట కంటే నిజం పెద్దదని నా కళ్ల ముందు ఒప్పుకున్నారు. అలాంటిది చూశాక తప్పు దిద్దుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

భోజనాల దగ్గర వాళ్లిద్దరికీ ఎదురుగా నాకు చోటు దొరికింది. పెరుగన్నం దాకా వచ్చేసరికి ఆ తోటలో తియ్యటి నీళ్ల సంగతి మొదలైంది. "అక్కడ ఇంకో గొట్టం దింపితే తేలిపోతుందండి" అన్నారు మేడమ్. "దింపుదాం. కానీ చోటు నేను చూపిస్తాను" అన్నారు సారు. "మీరు చూపిస్తే ఇంకేముంది, మీకు కావలసిందే తేలుతుంది!" వడ్డించేవాళ్లు విస్తళ్లు తీయడానికి వచ్చి, వీళ్లు లేచేలా లేరని పక్క వరసకి వెళ్లిపోయారు. నేను ఇద్దరికీ మంచినీళ్లు పోసి, వింటూ కూర్చున్నాను.